తథాస్తు కమిషన్

“పట్టీసుకుంటారే మంగా! గ్రైండరు లాగీసుకుంటారు, మనల్ని లోపలేస్తారు, మీ అయ్యకి కంపెనీలో పని పోద్ది. సూస్తుండు.”

వరహాలమ్మ ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. వంతెన మీద ఎండ కాస్తోంది. కింద వాగులో గేదెలు మెడదాకా మునిగి, ఏ దేశానికీ చెందనట్టు నెమరు వేసుకుంటున్నాయి. తోపుడు బండి మీద కొత్త గ్రైండరు అట్టపెట్టెలో బుద్ధిగా కూర్చుంది. ముందు నుంచి మంగవేణి లాగుతోంది, వెనక నుంచి వరహాలమ్మ తోస్తోంది. నిజం చెప్పాలంటే ఆవిడ తోస్తున్నది తక్కువ, ఆపుతున్నది ఎక్కువ.

“అమ్మా, ఇంటికొక వస్తువు తెచ్చుకోవచ్చని అదిగో బోర్డు మీద రాసుందా లేదా?”

“రాస్తారే. రాసిందల్లా సేస్తారేటి?”

వాగుకి ఇవతల పెద్దరేవు దేశం, అవతల చిన్నరేవు దేశం. రెండు వైపులా ఒకటే మాట, ఒకటే ఇడ్లీ, ఒకటే వాన. తేడా అల్లా ధరల్లోనే. ఇవతల అరవై ఉన్న సబ్బు అవతల పాతికకి వస్తుంది. ఇవతల ఒక బకెట్టు కొన్న డబ్బుతో అవతల బకెట్టు, చెంబు కొనుక్కుని ఒక గ్లాసు చెరకురసం తాగి రావచ్చు. మన దేశం పెద్దది కాబట్టి ధరలూ పెద్దవే అయి ఉంటాయని పెద్దరేవు జనం చాలాకాలం సరిపెట్టుకున్నారు.

గ్రైండరు సంగతి మరీ విచిత్రం. అది తయారయ్యేది వరహాలమ్మ పెరటి గోడకి అవతలున్న కంపెనీలోనే. ఆవిడ భర్త అసిరయ్య ఇరవై రెండేళ్ళుగా ఆ గ్రైండర్లని అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. ఆ పెట్టె లారీ ఎక్కి వంతెన దాటితే పదకొండు వేలు. వంతెన దాటకుండా కంపెనీ ఎదుట వీధిలో ఉన్న కొట్టుకి వస్తే ఇరవై ఆరు వేలు.

మంగవేణి ఇడ్లీ పిండి, దోసె పిండి అమ్ముతుంది. పాత గ్రైండరు మోటారు కాలిపోయింది. సరిగ్గా అప్పుడే కంపెనీ క్యాంటీనువాళ్ళు ఒప్పుకున్నారు, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి రోజుకి అరవై కిలోల పిండి తీసుకుంటామని. మొదటి రోజు పిండి రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని కూడా చెప్పారు. మంగవేణి స్కూటీ అమ్మేసి, తల్లిని వెంటబెట్టుకుని వంతెన దాటింది.

వంతెన ఇవతలి కొసన వెదురు గడ అడ్డం ఉంది. దాని పక్కన గొడుగు, గొడుగు కింద కుర్చీ, కుర్చీలో ఇన్‌స్పెక్టరు దండపాణి. ఆయన బిల్లు చూశాడు, పెట్టె చూశాడు, ఆవలించాడు.

“ఒక్కటేనా?”

“ఒక్కటే సార్,” అంది మంగవేణి.

“సరే, వెళ్ళండి.”

గడ లేచింది. బండి ముందు చక్రాలు పెద్దరేవు దేశంలోకి వచ్చేశాయి. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. కాని వరహాలమ్మకి చెడు జరుగుతున్నప్పటి కన్నా మంచి జరుగుతున్నప్పుడే గుండె దడ ఎక్కువ. ఇంత సులువుగా ఎలా వదిలేస్తున్నారు? దీని వెనక ఏదో ఉంది. ఆవిడ ఉండబట్టలేక రెండు చేతులూ జోడించింది.

“బాబ్బాబూ, ఇప్పుడు ఒగ్గీసి, రేపెప్పుడో ‘ఇది సాక్ష్యం, మాకు కావాల’ అని ఇంటికొచ్చి పట్టుకుపోరు కదా?”

లేచిన గడ సగంలో ఆగింది.

“ఏమన్నారు?”

“ఏమీ లేద్సార్,” అంది మంగవేణి బండి లాగుతూ.

“సాక్ష్యం అన్నారు.” దండపాణి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. “ధరల వ్యత్యాస మూలకారణాన్వేషణ కమిషన్. మూడు నెలలైంది వేసి. పరిశీలించడానికి తగిన వస్తువేదీ దొరకనందున విచారణ మొదలుకాలేదు, దొరికినచో వెంటనే పంపవలెను అని పొద్దున్నే వచ్చింది. ఏం పంపాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నాను. సాక్ష్యం! తల్లీ, మీరు దేశానికి గొప్ప సేవ చేశారు.”

ఆయన లేచి నిలబడి గ్రైండరుకి సెల్యూట్ చేశాడు. సాక్షి స్వీకరణ రసీదు ఒకటి రాసిచ్చాడు. ఖాళీ బండి ఇంటిదాకా గలగలమంటూ వచ్చింది. దారి పొడుగునా మంగవేణి తల వంచుకుని బండి లాగుతూనే ఉంది. “నేను ముందే సెప్పానా లేదా?” అని వరహాలమ్మ నాలుగుసార్లు అంది.

అసిరయ్య డ్యూటీ దిగి వచ్చి, సంగతంతా విని, కాళ్ళు కడుక్కున్నాడు.

“దీనికి కమిషనెందుకే? నన్నడిగితే సెప్పనా? అవతలికెల్లే పెట్టికి ఒక పన్ను సీటీ అంటిస్తాం. ఇక్కడే ఉండే పెట్టికి పదకొండు అంటిస్తాం. రోడ్డు సీటీ, దీపాల సీటీ, తనిఖీ సీటీ, తనిఖీ సేసినోల్ని తనిఖీ సేసిన సీటీ. ఒక్కో సీటీకి ఒక్కో ఆపీసు, ఒక్కో సొమ్ము. అంతే.”

“అయితే ఆ ముక్క ఎల్లి సెప్పయ్యా,” అంది మంగవేణి.

“అడగాల కదా.”

కమిషన్ మూతపడ్డ సినిమా హాల్లో కూర్చుంది. తెర కింద పొడవాటి బల్ల, బల్ల వెనక తొమ్మిది మెత్తటి కుర్చీలు. ప్రతి కుర్చీ కాలికీ చిన్నరేవు కొట్టు చీటీ ఇంకా వేలాడుతోంది. తులనాత్మక పరిశీలనార్థం అక్కణ్ణించి తెప్పించారట. నడుమ కుర్చీలో చైర్మన్ త్రిపురాంతకం గారు. పక్కన చిన్న బల్ల దగ్గర గుమస్తా జోగినాథం. గ్రైండరుని వేదిక మీద పట్టు దిండు వేసి కూర్చోబెట్టారు. వరహాలమ్మ, మంగవేణి, సెలవు పెట్టి వచ్చిన అసిరయ్య ముందు వరసలో కూర్చున్నారు. రేపటి గురించి దిగులు పడుతున్న తల్లికి ఆ కుర్చీల్లో నల్లులు కుడుతున్నట్టు కూడా తెలియలేదు.

చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.

“ఒకే వస్తువు, ఒకే కర్మాగారము, ఒకే రుబ్బుడు. అయినను ధర మన దేశమున అధికము, పొరుగు దేశమున స్వల్పము. కారణమేమి? ఈ గంభీర ప్రశ్నకు సమాధానము దొరకువరకు ఈ కమిషన్ నిద్రించదు.”

ఎడమవైపు సభ్యులు ఇద్దరు అప్పటికే నిద్రపోయారు.

అసిరయ్య చెయ్యెత్తాడు. జోగినాథం జాబితా చూసి, “మీ పేరు సాక్షులలో లేదు, దించండి,” అన్నాడు. అసిరయ్య దించాడు.

“వరహాలమ్మ గారూ, తాము ఈ వస్తువును పొరుగు దేశమున ఏల కొనిరి?”

“సవకని బాబూ.”

“చవక అనునది అభిప్రాయము. అభిప్రాయములు నమోదు చేయము. తమ మనసులోనిది చెప్పుడు.”

మనసులోనిది చెప్పమని వరహాలమ్మని అంతవరకు ఎవరూ అడగలేదు. ఇంట్లో అందరూ చెప్పొద్దనే అంటారు. ఆవిడ గుండె నిండి పొంగింది.

“నా మనసులో ఏటుంటాది బాబూ, భయమే. ఇంత పెద్ద హాలు, ఇన్ని కుర్సీలు, మీకు టీలు, పకోడీలు... ఈ కర్సంతా తిప్పి తిప్పి ఆ గ్రైండర్ల మీదే ఏసీస్తారేమోనని భయం.”

చైర్మన్ గారు కుడివైపు సభ్యుని చూశారు. ఆయన పక్కాయన్ని చూశారు. నిద్రపోతున్న ఇద్దరూ లేచారు.

“జోగినాథం, రాసుకొంటివా?”

“రాసుకొంటినండి.”

మర్నాడు పొద్దున్నే గెజిట్‌లో వచ్చింది. ధరలు ఏల అధికముగా ఉన్నవో కనుగొనుటకగు వ్యయమును ఆయా వస్తువుల ధరలకు కలుపుట ధర్మము కనుక, ఇందుమూలముగా అన్వేషణ సుంకము విధించడమైనది. ఇరవై ఆరు వేల గ్రైండరు ఇరవై తొమ్మిది అయింది. అసిరయ్య పన్నెండో చీటీ అంటించాడు. వ్యత్యాసం పెరిగింది కాబట్టి కమిషన్ పని కూడా పెరిగిందని, ఇంకో ఇద్దరు సభ్యుల్ని వేశారు. వాళ్ళకి కూడా కుర్చీలు వచ్చాయి.

“అమ్మా,” అంది మంగవేణి పొయ్యి దగ్గర కూలబడి, “తథాస్తు దేవతలుంటారు, చెడ్డ మాట అనకు అని నువ్వే కదా చిన్నప్పణ్ణించి నా నోరు నొక్కావు? అదిగో, ఆ హాల్లో పదకొండుమంది కూర్చున్నారు. నువ్వనడం ఆలస్యం, తథాస్తు అంటున్నారు. ఇంకో మూడు వారాలే ఉంది ఒకటో తారీఖుకి. నీకు దండం పెడతాను, ఈసారి నోరు విప్పకు.”

“ఇప్పనే. ఒట్టు. కానీ ఇప్పకపోతే ఏటవుద్దో అని భయమేస్తంది.”

రెండో విచారణకి వరహాలమ్మ బుగ్గలో పెద్ద ఉసిరికాయ పెట్టుకుని వెళ్ళింది. అది ఉన్నంతసేపు మాట రాదు. ఆవిడ అలా ఉబ్బిన బుగ్గతో కూర్చుంటే చైర్మన్ గారు గంభీరంగా ప్రకటించారు.

“నేడు ప్రధాన సాక్షి వాంగ్మూలము తీసుకొనబడును.”

గ్రైండరు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశారు. ఖాళీ రాళ్ళు గరగర తిరిగాయి. జోగినాథం చెవి ఒగ్గి రాశాడు. ముప్పావు గంట తిరిగాక స్విచ్చి ఆపారు.

“ఏమి చెప్పినది?”

“గర్ర్ అన్నదండి. ఒకే మాట పదేపదే చెప్పినది. ఎక్కడా తడబడలేదు.”

“నిలకడగల సాక్షి. ఇప్పుడు మన దేశమున అధిక ధరకు కొన్న గ్రైండరును ప్రవేశపెట్టుడు.”

దాన్నీ తిప్పారు. అదీ గర్ర్‌మంది. పన్నెండేసి పేజీల వాంగ్మూలాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు. సభ్యుల ముఖాలు వాడిపోయాయి. చైర్మన్ గారు బల్ల గుద్దారు.

“సాక్షులిద్దరూ కూడబలుక్కొనిరి! వేరువేరు గదులలో ఉంచుడు!”

ఇద్దరు పోలీసులు రెండు గ్రైండర్లనీ చెరో వైపు మోసుకుపోతుంటే మంగవేణి కళ్ళు మూసుకుంది. ఖాళీగా తిప్పితే రాయి అరిగిపోతుందని పిండి కొట్టు పెట్టే ప్రతివాళ్ళకీ తెలుసు. వరహాలమ్మకి ఇంకా బాగా తెలుసు. ఉసిరికాయ బుగ్గ మారింది, మళ్ళీ మారింది. చివరికి దోసిట్లోకి ఊడిపడింది.

“కాలీగా తిప్పకండి బాబూ! దానికేటైనా రోగమొస్తే ఎవులు సూస్తారు? సవక సరుకని దాని ఒంట్లో ఏటుందో అని ఇంకా అనుమానం పెట్టుకుంటారేమో! అసలు వాగవతల కొట్టు రేట్ల బోర్డు మా పెరట్లోకి కనబడబట్టే కదా ఇదంతా! ఎవులైనా ముసలోలు ఆ రేట్లు సూస్తే గుండాగి పోతారు!”

“అమ్మా!” అని మంగవేణి అరిచేసరికి జోగినాథం కలం రెండో పేజీకి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది, పొరుగు దేశపు చవక సరుకులన్నిటికీ వైద్య పరీక్ష. దువ్వెనలకి, బకెట్లకి నాడి చూడడానికి వంతెన దగ్గర డాక్టరుగారిని వేశారు. ఆయన మొదటి రోజు కొంచెం సిగ్గుపడ్డాడు గాని, మూడో రోజుకి ఒక ఇస్త్రీ పెట్టెకి జ్వరమని రాసి వెనక్కి పంపాడు. రెండోది, పౌరుల గుండెల రక్షణార్థం వాగు పొడుగునా తొమ్మిది కిలోమీటర్ల ఆకుపచ్చ గుడ్డ కట్టారు, అవతలి ధరల బోర్డులు కనబడకుండా. అంత గుడ్డ ఎక్కడ చవకో కనుక్కుని చిన్నరేవులోనే కొన్నారు. డాక్టరు జీతం ఒక చీటీ, గుడ్డ ఒక చీటీ, గుడ్డ చిరిగితే కుట్టేవాళ్ళది ఒక చీటీ. ఆ గుడ్డ కట్టాక అవతల ధరలు ఎంతో చూద్దామని చిన్నపిల్లల దగ్గర్నించి పెద్దవాళ్ళదాకా కన్నాల దగ్గర బారులు తీరారు.

కంపెనీలో అట్టపెట్టె మీద చీటీలకి చోటు చాలలేదు. పెద్ద పెట్టె చేయించారు. పెద్ద పెట్టెకి ఖర్చు ఎక్కువ కాబట్టి దానికో చీటీ. ఆ చీటీ అంటించడానికి ఇంకొంచెం పెద్ద పెట్టె కావలసి వచ్చింది. అసిరయ్యకి చీటీల మేస్త్రీ అని పేరు పెట్టి కింద ఆరుగురిని ఇచ్చారు. గ్రైండరు ముప్పై ఎనిమిది వేలైంది.

“కంపెనీలో ఇప్పుడు గ్రైండరు బిగించీవోలు నలుగురు, సీటీలంటించీవోలు ఏడుగురు,” అన్నాడు అసిరయ్య అన్నం కలుపుకుంటూ.

“నిన్ను కూడా సీటీ కింద పెట్టి అంటించీస్తారేమో జాగర్త,” అంది వరహాలమ్మ. తర్వాత అదిరిపడి కిటికీలోంచి బయటికి చూసింది, జోగినాథం ఉన్నాడేమోనని.

ఈలోగా జనం ఒక ఉపాయం కనిపెట్టారు. కొత్త గ్రైండరు కొనలేరు, పాతవి పాడైతే బాగు చేయించుకోలేరు. అందుకని బియ్యం, మినప్పప్పు ఇంట్లో నానబోసి, గిన్నె నెత్తిన పెట్టుకుని వంతెన దాటి, అవతల రుబ్బించుకుని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇంటికొక వస్తువు తెచ్చుకోవచ్చు కదా, గిన్నెడు పిండి ఒక వస్తువే. నాలుగు శేర్ల గిన్నె మించకూడదని మాత్రం షరతు. మంగవేణి కూడా పాత ఖాతాలు చెయ్యి జారిపోకుండా రోజుకి ఒక గిన్నె తెచ్చి కొట్టు నడుపుతోంది. క్యాంటీనుకి కావలసిన అరవై కిలోలు గిన్నెతో మోస్తే ఒకటో తారీఖు పిండి పదిహేనో తారీఖుకి తయారవుతుంది. ఆ గ్రైండరు ఇంటికి రావాల్సిందే.

ఒక మధ్యాహ్నం వంతెన మీద నలభైమంది బారు తీరారు. డాక్టరుగారు ఒక్కొక్క పిండికీ నాలుక చూపించమంటున్నాడు. ఎండ మండిపోతోంది. మంగవేణి వెనక నిలబడ్డ వరహాలమ్మ గిన్నె మీది పళ్ళెం కొద్దికొద్దిగా పైకి లేవడం చూసింది.

“ఓలమ్మో, పొంగుతున్నాదే! వచ్చినప్పుడు సగం గిన్నె. ఇంటికెల్లేసరికి రెండు గిన్నెలవుద్ది. ఎక్కువ తెచ్చామని పట్టీసుకుంటారేమో బాబూ!”

దండపాణి గొడుగు కిందనుంచి మెల్లగా లేచాడు.

“ఏమన్నారు?”

ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. పిండి మన దేశమున ప్రవేశించిన పిదప పొంగుట వలన కలుగు అదనపు పరిమాణము, దేశ ప్రవేశానంతర వృద్ధి అనబడును. అట్టి వృద్ధి పొరుగు దేశపు పులుపు వలన కలిగినదా, మన దేశపు ఎండ వలన కలిగినదా తేలువరకు పిండిని వంతెన మీదనే నిలుపవలెను. పూర్తిగా పొంగిన పిమ్మట కొలిచి సుంకము వసూలు చేయవలెను.

మర్నాడు వంతెన మీద నూట యాభై గిన్నెలు వరసగా పెట్టారు. దండపాణి అడుగు బద్ద పట్టుకుని వాటి మధ్య తిరిగాడు. పదకొండు గంటలకి పళ్ళేలు లేచాయి. పన్నెండుకి జారిపడ్డాయి. ఒంటిగంటకి తెల్లటి పిండి వంతెన నిండా నురగలు కక్కుతూ రెండు దేశాల వైపూ సమంగా పాకింది. దండపాణి బూటు అందులో దిగి రాలేదు. వంతెన అంచుల మీదుగా పిండి ధారలు కట్టి వాగులో పడుతుంటే గేదెలు నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. ఆ వారం రెండు దేశాల్లోనూ పాలు చిక్కగా వచ్చాయి. పెద్దరేవువాళ్ళు పాలలో కూడా దేశ ప్రవేశానంతర వృద్ధి ఉందేమో చూడమని డాక్టరుగారికి రాశారు.

వంతెన మీద నుంచి మంగవేణి ఖాళీ గిన్నెతో ఇంటికి వచ్చింది. ఆ రోజు కొట్టు తెరవలేదు.

“ఆరు రోజులుందమ్మా,” అంది. గిన్నె కడిగి బోర్లించింది. తిట్టినా బాగుండేదనిపించింది వరహాలమ్మకి.

మర్నాడు కమిషన్ జీపు ఇంటి ముందు ఆగింది. అరెస్టు చేసేస్తారని వరహాలమ్మ ముందే రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. తీరా చూస్తే వాళ్ళు ఆవిడకి శాలువా కప్పడానికి తీసుకెళ్ళారు.

“మేము పదకొండుగురము, నెలల తరబడి ఆలోచించితిమి,” అన్నారు చైర్మన్ గారు హాలు దద్దరిల్లేలా. “మాకు ఒక్క చర్యయు తోచలేదు. ఈ మాతృమూర్తి నోరు తెరచిన ప్రతిసారి ఒక శాఖ పుట్టినది. ఈమెను గౌరవ భయ సలహాదారుగా నియమించుచున్నాము.”

శాలువా మీద చిన్నరేవు చీటీ ఉంది. వరహాలమ్మ శాలువా కప్పుకుని చెమటలు కక్కింది. రాత్రుళ్ళు నిద్ర పట్టక దొర్లేటప్పుడు వచ్చే భయాలన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోమని జోగినాథం ఆవిడకి తెల్లకాగితాల కట్ట ఇచ్చాడు. ఆవిడ దాన్ని బియ్యం డబ్బా కింద దాచి మీద రోకలి పెట్టింది.

ముప్పయ్యో తారీఖున ఆఖరి విచారణ. నివేదిక సిద్ధమైందన్నారు. బండి మీద తెచ్చారు దాన్ని, నలుగురు దించారు. చైర్మన్ గారు చివరి పేజీ మాత్రం చదివారు.

“సకల విషయములు పరిశీలించిన మీదట, మన దేశమున ధరలు అధికముగా ఉండుటకు గల ఏకైక కారణము, మన దేశమున ధరలు అధికముగా ఉండుటయే అని ఈ కమిషన్ ఏకగ్రీవముగా నిర్ణయించినది.”

సభ్యులు చప్పట్లు కొట్టారు. అసిరయ్య చెయ్యెత్తబోయి, అలవాటు కొద్దీ తనే దించుకున్నాడు.

“విచారణ ముగియుచున్నందున ప్రధాన సాక్షిని రాజధాని మ్యూజియమునకు తరలించెదము. అచట గాజు పెట్టెలో శాశ్వతముగా ఉండును.”

మంగవేణి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

“అది నాది సార్! స్కూటీ అమ్మి కొనుక్కున్నాను. రసీదుంది. రేపు పొద్దున్న ఆరింటికి అరవై కిలోల పిండి ఇవ్వాలి. ఇవాళ అది ఇంటికి రాకపోతే నా పని అయిపోయినట్టే. నా గ్రైండరు నాకిచ్చెయ్యండి!”

చైర్మన్ గారు ఆ పిల్లని జాలిగా చూశారు.

“అమ్మాయీ, నీవు చెప్పునది కోరిక. కోరికలకు ఇచట శాఖ లేదు. ఈ కమిషన్ భయముల మీద మాత్రమే చర్య తీసుకొనును. కూర్చొనుము.”

మంగవేణి కూర్చోలేదు. పడిన కుర్చీని లేపడానికి వంగి, అలాగే వంగి ఉండిపోయింది. ఏడుపు ఎవరికీ కనబడకుండా.

“ముగించుటకు ముందు,” అన్నారు చైర్మన్ గారు, “ఆనవాయితీ ప్రకారము మా సలహాదారును అడిగెదము. వరహాలమ్మ గారూ, తమకింకను భయమేదైనను మిగిలి ఉన్నదా? ఉన్నచో చెప్పుడు. తక్షణమే అమలుపరచెదము. సంతకము చేసిన తెల్లకాగితము సిద్ధముగా ఉన్నది.”

వరహాలమ్మ లేచి నిలబడింది. శాలువా జారి కింద పడింది, తీసుకోలేదు.

హాలంతా ఆవిడ నోటి వైపే చూస్తోంది. పదకొండుమంది ముందుకి వంగారు. జోగినాథం కలం విదిలించి గాలిలో పట్టుకున్నాడు. తలుపు దగ్గర దండపాణి ఒంటి బూటుతో అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ఆవిడ మాట్లాడలేదు. నోట్లో ఉసిరికాయ లేదు, ఒట్టు లేదు, అయినా మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత వరహాలమ్మ అంతసేపు ఊరుకోవడం అసిరయ్య ఎప్పుడూ చూడలేదు. భార్యకి ఏదో అయిందని కంగారుపడి సగం లేచాడు. పైన ఫ్యాను ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. నిద్రపోయే సభ్యులిద్దరూ ఊపిరి బిగబట్టారు.

వరహాలమ్మ గ్రైండరుని చూసింది. దాని మెడలో దండ ఉంది, ఒంటి మీద కమిషన్ అంటించిన ముప్పై నాలుగు చీటీలున్నాయి. తర్వాత కుర్చీ మీద చేతులాన్చి వంగి నిలబడ్డ కూతురి వీపు చూసింది. ఆ వీపు కదులుతోంది.

“చెప్పుడమ్మా,” అన్నారు చైర్మన్ గారు మెల్లగా, పసిపిల్లని బుజ్జగించినట్టు. “దేశము వేచియున్నది.”

ఆ తర్వాత ఆవిడ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. పెదవులు వణికాయి. అది నిజంగా వణకడమో, వణికించడమో ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన అసిరయ్య కూడా పోల్చుకోలేకపోయాడు.

“ఒక్కటే మిగిలింది బాబూ,” అంది వరహాలమ్మ. “దానికున్న సీటీలన్నీ పీకీసి, ఈ మాయదారి గ్రైండర్ని ఈ మజ్జాన్నమే మా బండిలోకి ఎక్కించీసి, మీ ఇంటికి పట్టుకుపొండని పంపీస్తారేమోనని... ఓలమ్మో, తలుసుకుంటేనే నాకు కాలూ సెయ్యీ ఆడతం లేదు.”